టాటా–బెంజి లారీ: నిర్మాణం, క్యాబిన్, డ్రైవరు సౌకర్యం

టాటా–బెంజి లారీ అనేది జంషెడ్‌పూర్‌లోని టాటా ఇంజనీరింగ్ అండ్ లోకోమోటివ్ కంపెనీ (టెల్కో) తయారుచేసిన డీజిల్ సరకు వాహనానికి వాడుకలో స్థిరపడిన పేరు. జర్మనీకి చెందిన డైమ్లర్–బెంజ్ సంస్థ సాంకేతిక సహకారంతో 1954లో ఈ తయారీ మొదలైంది. 1969లో ఒప్పందం ముగిసి ముందుభాగం మీది మూడు కోణాల నక్షత్రం పోయి టాటా గుర్తు వచ్చినా, లారీ యజమానుల నోట బెంజి పేరు చాలాకాలం నిలిచింది. ఆ మూలం నుంచే పెరిగిన 1210, 1612, 1613 వంటి తర్వాతి నమూనాలను కూడా ఈ వ్యాసం ఇదే కుటుంబంగా పరిగణిస్తుంది.

ఈ లారీ చరిత్రను ఇంజను వైపు నుంచి చెప్పడం సులువు. డ్రైవరు సీటు వైపు నుంచి చెప్పడం కష్టం. దశాబ్దాలపాటు ఆ సీటును, దాని చుట్టూ ఉండే గదిని ఫ్యాక్టరీ తయారుచేయలేదు. ఇంజను, చక్రాలు, స్టీరింగు ఒకచోట పుట్టేవి. మనిషి కూర్చునే చోటు వందల మైళ్ల దూరంలో, వడ్రంగి చేతిలో తయారయ్యేది. అందుకే డ్రైవరు సౌకర్యం గురించిన వివరాల్లో ఎక్కువ భాగం ‘బాడీ షెడ్డు’, ‘చట్టం’ అనే శీర్షికల కింద వస్తాయి.

పేర్లు, నమూనా సంఖ్యలు

తొలి నమూనా టీఎంబీ 312. టాటా, మెర్సిడెస్, బెంజ్ అనే మూడు పేర్ల తొలి అక్షరాలతో టీఎంబీ ఏర్పడింది. 312 అన్నది డైమ్లర్–బెంజ్ ఇంజను సంఖ్య. తర్వాత వచ్చిన నాలుగంకెల సంఖ్యలు అర్థం తెలిస్తే సులభంగా చదవవచ్చు. మొదటి రెండంకెలు సరకుతో కలిపి వాహనం మొత్తం బరువును టన్నుల్లో సూచిస్తాయి. చివరి రెండంకెలను పదితో హెచ్చవేస్తే అశ్వశక్తి సుమారుగా వస్తుంది. ఆ లెక్కన 1210 అంటే దాదాపు 12 టన్నులు, 100 అశ్వశక్తి. 1613 అంటే 16 టన్నులు, 130 అశ్వశక్తి. సంఖ్యకు ముందుండే అక్షరాలు ఆకృతిని తెలుపుతాయి. ఎస్‌ఈ అంటే ఇంజను సగం క్యాబిన్‌లోకి వచ్చిన రకం. ఎల్‌పీటీ అంటే డ్రైవరు పూర్తిగా ముందుకు జరిగిన రకం. ఎల్‌పీకే టిప్పరు, ఎల్‌పీఎస్ ట్రైలరును లాగే బండి.

ఇంజను సంఖ్యలకూ ఇలాంటి పద్ధతే ఉంది. 692లో 6 సిలిండర్ల సంఖ్య, 92 సిలిండరు వ్యాసం మిల్లీమీటర్లలో. 697లో ఆ వ్యాసం 97 మిల్లీమీటర్లు, ఇంజను ఘనపరిమాణం 5,675 ఘన సెంటీమీటర్లు. మెకానిక్ షెడ్లలో ‘సిక్స్ నైన్ టూ’, ‘సిక్స్ నైన్ సెవెన్’ అనే మాటలు బండి పేరుకు బదులుగానే చెలామణి అయ్యాయి.

పూర్వరంగం

హైదరాబాదు రాజ్యంలో ప్రభుత్వ రోడ్డు రవాణా 1932 జూన్‌లో నిజాం స్టేట్ రైల్వేకు అనుబంధ శాఖగా, 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో మొదలైంది. తొలి బస్సులు స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నగరానికి చెందిన ఆల్బియన్ సంస్థవి. ఆనాడు బస్సుకూ లారీకీ అడుగు చట్రం, అంటే ఛాసిస్, దాదాపు ఒకే తీరుగా ఉండేది. దానిమీద బెంచీలు వేస్తే బస్సు, తొట్టి కడితే లారీ. ఆ శాఖ 1951 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్ర ప్రభుత్వ అధీనంలోకి వచ్చింది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ (ఆర్టీసీ) ఏర్పడింది.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో పెట్రోలుకు రేషను వచ్చింది. బస్సులకూ లారీలకూ వెనక బొగ్గు కుంపటి బిగించి, ఆ గ్యాసుతో నడిపారు. పెద్దవాళ్లు చెప్పే ‘బొగ్గు బస్సులు’ ఇవే. బయలుదేరే ముందు కుంపటి రాజేసి, పంకా తిప్పి, గ్యాసు పుట్టేదాకా ఆగాలి. దారిలో ఎత్తు వస్తే ఇంజను బలం చాలదు. యుద్ధం ముగిశాక సైన్యానికి మిగిలిన వాహనాలు బజారులోకి వచ్చాయి. స్వాతంత్ర్యం తర్వాతి తొలి ఏళ్లలో రోడ్లమీద కనిపించిన లారీల్లో షెవర్లే, ఫోర్డ్, డాడ్జ్, బెడ్‌ఫోర్డ్ వంటి విదేశీ రకాలు ఎక్కువ. 1948లో మద్రాసులో అశోక్ మోటార్స్ మొదలై, బ్రిటన్‌కు చెందిన లేలాండ్ భాగస్వామ్యంతో 1955లో అశోక్ లేలాండ్ అయింది. దాని కామెట్ లారీ దక్షిణాదిలో టాటా–బెంజికి ప్రధాన పోటీదారు.

జంషెడ్‌పూర్ తయారీ

1945లో రైలింజన్ల కోసం స్థాపించిన టెల్కో, 1954లో డైమ్లర్–బెంజ్‌తో 15 ఏళ్ల ఒప్పందం చేసుకుని అదే ఏడాది తొలి లారీని బయటికి తెచ్చింది. 1961 నాటికి సింహళానికి ఎగుమతి మొదలైంది. 1966లో పుణెలో పరిశోధన కేంద్రం, 1977లో అక్కడి కర్మాగారం నుంచి తొలి వాహనం వచ్చాయి. 1971లో ఇంధనాన్ని నేరుగా సిలిండరులోకి చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లు వచ్చాక డీజిలు ఖర్చు తగ్గింది. 1983లో మరింత భారీ తరగతి వాహనాల తయారీ మొదలైంది.

లారీ యజమాని చూసేది ప్రధానంగా రెండు: లీటరుకు ఎన్ని కిలోమీటర్లు, దారిలో చెడితే బాగుచేసే మనిషి దొరుకుతాడా లేదా. రెండింటిలోనూ ఈ బండికి మంచి పేరు వచ్చింది. విడిభాగాలు చిన్న పట్టణాల్లోనూ దొరికేవి. చెట్టుకింద కూర్చున్న మెకానిక్ కూడా గేరు పెట్టె విప్పగలిగేవాడు. కొనేటప్పుడు సీటు గురించి అడిగేవారు తక్కువ. అడగడానికి అక్కడ సీటు ఉండేదే కాదు.

ఛాసిస్ ప్రయాణం

ఫ్యాక్టరీ గేటు దాటే లారీల్లో ఎక్కువ భాగం ఖాళీ చట్రాలే ఉండేవి. పొడవాటి రెండు ఉక్కు దూలాలు, చక్రాలు, ఇంజను, దాని మీది మూత, మీటర్ల పలక, స్టీరింగు చక్రం ఉండేవి. పైకప్పు, తలుపులు, వెనక గోడ ఉండేవి కావు. ఈ చట్రాన్ని రైలులో పంపడం కంటే రోడ్డు మీద నడిపి తేవడమే మామూలుగా ఉండేది. వీటిని గుంపులుగా నడిపే కాన్వాయ్ డ్రైవర్లు తాత్కాలికంగా బిగించిన సీటు మీద కూర్చుని, ముఖానికి గుడ్డ చుట్టుకుని, ఎండావానల్లో వేల కిలోమీటర్లు తోలేవారు. జాతీయ రహదారుల మీద ఒకదాని వెనక ఒకటిగా పోయే ఈ ‘తల లేని’ లారీలను చూడని తెలుగు ప్రయాణికుడు అరుదు.

ఈ డ్రైవర్లు ఎవరి ఉద్యోగులన్న వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. టెల్కో కాన్వాయ్ డ్రైవర్స్ మజ్దూర్ సంఘ్, బిహార్ రాష్ట్రం మధ్య నడిచిన ఆ కేసులో 1989లో తీర్పు వచ్చింది. తమను శాశ్వత కార్మికులుగా గుర్తించాలన్నది సంఘం కోరిక. వివాదాన్ని ట్రిబ్యునల్‌కు నివేదించాలా వద్దా అని చూసే దశలో ప్రభుత్వమే తీర్పరిగా మారి దాని మంచిచెడ్డలు తేల్చకూడదని కోర్టు చెప్పింది. పారిశ్రామిక వివాదాల కేసుల్లో ఈ తీర్పును తర్వాత కూడా ఉదహరించారు.

బాడీ షెడ్డు

ఛాసిస్ కొన్న యజమాని దానిని నేరుగా బాడీ కట్టే షెడ్డుకు తీసుకుపోతాడు. తెలుగు ప్రాంతాల్లో ఈ పనికి అన్నింటికంటే పేరున్న చోటు విజయవాడ ఆటోనగర్. మద్రాసు–కలకత్తా, హైదరాబాదు–మచిలీపట్నం రహదారులు కలిసే ఊరు కావడం, కృష్ణా డెల్టా రైతుల మిగులు సొమ్ము లారీలలోకి రావడం ఇందుకు కారణాలు. వరి మీద వచ్చిన డబ్బును రెండో పంటగా లారీ మీద పెట్టిన కుటుంబాలు కృష్ణా జిల్లాలో అనేకం. జిల్లా లారీ యజమానుల సంఘం రాష్ట్రంలోనే బలమైన సంఘాల్లో ఒకటిగా ఎదిగింది. హైదరాబాదులో వనస్థలిపురం–హయత్‌నగర్ దారిలో ఉన్న ఆటోనగర్ ఇదే తీరు పనులకు కేంద్రం. తమిళనాడులోని నామక్కల్, తిరుచెంగోడు షెడ్లకూ తెలుగు యజమానులు ఛాసిస్‌లు తీసుకుపోయేవారు.

షెడ్డులో పని వడ్రంగి, కమ్మరి, రేకుపని మేస్త్రీ, పెయింటరు, సీట్లు కుట్టేవాడు చేతులు మారుతూ సాగుతుంది. ముందు గట్టి కర్రతో క్యాబిన్ చట్రం నిలుపుతారు. దానిమీద రేకు కొట్టి, లోపల ప్లైవుడ్ పలకలు, వాటిమీద రెక్సిన్ వేస్తారు. కిటికీ అద్దాలు సమతలంగా ఉంటాయి. వంపు అద్దం పగిలితే మళ్లీ దొరకడం కష్టం, బల్లపరుపు అద్దం ఏ ఊళ్లోనైనా కోసి ఇస్తారు. కప్పు మీద టార్పాలిన్ పట్టా, తాళ్లు పెట్టుకునే కంచె ఉంటుంది. లోపల దేవుడి పటానికి చిన్న అర, దానికో రంగు దీపం. స్టవ్వు, బియ్యం డబ్బా, నీళ్ల క్యాను పెట్టుకునే పెట్టె క్యాబిన్ పక్కనో, తొట్టి కిందో బిగిస్తారు.

ఈ పద్ధతికి లాభం లేకపోలేదు. ఫ్యాక్టరీ ఒకే రకం క్యాబిన్ ఇస్తే గడ్డి లారీకీ సిమెంటు లారీకీ అదే దిక్కు. షెడ్డులో మాత్రం డ్రైవరు తన ఎత్తుకు తగ్గట్టు సీటు పెంచమని, కిటికీ కిందికి దింపమని, వెనక పడుకునే బల్ల ఇంకో జానెడు వెడల్పు చేయమని అడగగలడు. మేస్త్రీ ఒప్పుకుంటాడు కూడా. అయితే ఆ జానెడు ఎక్కడి నుంచి వస్తుందన్నదే అసలు సంగతి. ఛాసిస్ పొడవు మారదు. క్యాబిన్ వెనక్కి పెరిగిన ప్రతి అంగుళం సరకు తొట్టి నుంచి పోతుంది. బాడీ ఖర్చు పెట్టేది యజమాని, లెక్క చూసుకునేది బస్తాల్లో. డ్రైవరే యజమాని అయిన లారీల్లో పడక వెడల్పుగా, సీటు మెత్తగా ఉండడం, కిరాయి డ్రైవరు తోలే లారీల్లో రెండూ కుదించుకుపోవడం యాదృచ్ఛికం కాదు.

ప్రమాదంలో ఈ కర్ర క్యాబిన్ బలహీనత బయటపడేది. ఎదురుదెబ్బ తగిలినప్పుడు చట్రం ముక్కలై, కాళ్లు స్టీరింగు కింద ఇరుక్కునేవి. వాణిజ్య వాహనాల క్యాబిన్‌లో ఢీకొన్నాక కూడా మనిషికి ప్రాణం నిలిచేంత చోటు మిగలాలని చెప్పే ఏఐఎస్–029 ప్రమాణం, లారీ బాడీల కొలతలూ బలమూ నిర్దేశించే ఏఐఎస్–093 నియమావళి తర్వాతి కాలంలో వచ్చి, షెడ్డు క్యాబిన్ల స్వేచ్ఛను క్రమంగా తగ్గించాయి.

క్యాబిన్ రకాలు

*ముందుకు పొడుచుకొచ్చిన బానెట్ రకం.* తొలి టీఎంబీ లారీలు ఇవే. ఇంజను మొత్తం డ్రైవరు ముందుంటుంది. ముందు చక్రాలకు కాస్త వెనగ్గా కూర్చుంటాడు కాబట్టి గుంతల దెబ్బ నేరుగా నడుముకు తగలదు. వేడి కూడా మధ్యలోని ఇనుప గోడ వల్ల కొంత ఆగుతుంది. నష్టమల్లా బండి పొడవులో పెద్ద భాగం సరకుకు పనికిరాకపోవడం.

*సగం ముందుకు జరిగిన రకం.* 1970లలో వచ్చిన 1210 ఎస్‌ఈ దీనికి బాగా తెలిసిన ఉదాహరణ. ఇంజను వెనక సగం క్యాబిన్‌లోకి వస్తుంది. డ్రైవరుకూ క్లీనరుకూ మధ్య దాని మీద ఉబ్బెత్తు మూత ఉంటుంది. తొట్టికి పొడవు కలిసొచ్చింది. డ్రైవరుకు మాత్రం ఎడమ మోకాలి పక్కన పొయ్యి వెలిగించినట్టయింది. ఆ మూతను దుప్పట్లతో, గోనెపట్టలతో కప్పేవారు. చలికాలం రాత్రుల్లో దానిమీదే నడుం వాల్చేవారు. బెజవాడ మే నెలలో దాని పక్కన కూర్చోవడం వేరే సంగతి.

*పూర్తిగా ముందుకు జరిగిన రకం.* ఎల్‌పీటీ నమూనాలు ఈ తరగతివి. డ్రైవరు దాదాపు ముందు ఇరుసు మీదే కూర్చుంటాడు. ముందు దారి బాగా కనిపిస్తుంది, మలుపు చిన్నగా తిరుగుతుంది, తొట్టి పొడవు పెరుగుతుంది. బదులుగా గుంత పడ్డ ప్రతిసారీ సీటు ఎగురుతుంది. ఎదురుగా ఢీకొంటే ముందున్నది రేకు మాత్రమే.

ఏ రకం గెలుస్తుందన్నది ప్రపంచమంతటా కొలతల చట్టాలే ఎక్కువగా నిర్ణయించాయి. ఐరోపాలో వాహనం మొత్తం పొడవుకు పరిమితి ఉండడంతో డ్రైవరు ముందుకు జరిగాడు. అమెరికాలో 1982 నాటి చట్టం పొడవు లెక్కను మొత్తం వాహనం నుంచి ట్రైలరు మీదికి మార్చాక పొడుగు ముక్కు లారీలు మళ్లీ పుంజుకున్నాయి. మన దేశం ఐరోపా దారిలో నడిచింది.

డ్రైవరు శరీరం మీద ప్రభావం

*స్టీరింగు.* పవర్ స్టీరింగు లేని రోజుల్లో చక్రం వ్యాసం పెద్దది. బలం చాలడానికి అదే మార్గం. లోడుతో నిలబడ్డ లారీని తిప్పాలంటే డ్రైవరు సీట్లోంచి సగం లేచి, రెండు భుజాలతో లాగాలి. శ్రీశైలం వెళ్లే దోర్నాల ఘాటు, మారేడుమిల్లి, అనంతగిరి ఘాట్లలో వరస మలుపుల దగ్గర ఈ పని గంటల తరబడి సాగుతుంది. అశోక్ లేలాండ్ పవర్ స్టీరింగును దేశంలో ముందుగా తెచ్చిన సంస్థల్లో ఒకటి. టాటా లారీల్లో అది సర్వసాధారణం కావడానికి ఇంకా కాలం పట్టింది.

*కుదుపు.* నిలువుగా వచ్చే కుదుపుల్లో సెకనుకు 4 నుంచి 8 సార్లు ఊగేవి మానవ శరీరపు మొండేనికి అన్నింటికంటే హాని చేస్తాయి. బరువు మోయడానికి గట్టిగా కట్టిన కమాను పట్టీల లారీ, ముఖ్యంగా ఖాళీగా పోయేటప్పుడు, తక్కువ వేగపు కుదుపులనే ఎక్కువగా పుట్టిస్తుంది. నడుము నొప్పి డ్రైవర్ల వృత్తి జబ్బు కావడానికి ఇదొక ప్రధాన కారణం. ఐరోపా సమాఖ్య 2002లో తెచ్చిన నిర్దేశం ప్రకారం ఎనిమిది గంటల సగటున సెకను వర్గానికి 0.5 మీటర్ల కుదుపు దాటితే యజమాని చర్య తీసుకోవాలి, 1.15 దాటకూడదు. కుదుపును మింగే ఊగుడు సీటు దీనికి సాంకేతిక జవాబు. షెడ్డు క్యాబిన్లలో ఆ స్థానంలో ఉండేది బల్ల, దాని మీద కొబ్బరిపీచు లేదా ఫోము పరుపు, ఆపైన డ్రైవరు ఇంటి నుంచి తెచ్చుకున్న తువ్వాలు.

*వేడి, చప్పుడు.* రామగుండం, కొత్తగూడెం, విజయవాడ వంటి చోట్ల వేసవి ఉష్ణోగ్రత 45 డిగ్రీల దాకా పోతుంది. ఇంజను వేడి దానికి తోడు. కిటికీలు తీస్తే ధూళి, హోరు. మూస్తే ఉడుకు. డ్యాష్‌బోర్డు మీద బిగించే చిన్న బ్యాటరీ ఫ్యాను చాలాకాలంపాటు లారీలో డ్రైవరు కోసం పెట్టిన ఏకైక విలాసం.

*నిద్ర.* పెద్ద నగరాల్లో పగటిపూట భారీ లారీలకు ప్రవేశం ఉండదు. హైదరాబాదులోని నారాయణగూడ, చిక్కడపల్లి రోడ్లమీద పెద్ద లారీ కనబడేది రాత్రి పొద్దుపోయాకే. దీనివల్ల నగరానికి శాంతి, డ్రైవరుకు జాగరణ. పొలిమేరలో పగలంతా ఎండలో నిలిపిన ఇనుప పెట్టెలో నిద్రపట్టదు, పట్టాల్సిన వేళకు బండి కదలాలి. రోడ్డు భద్రత సంస్థ సేవ్‌లైఫ్ ఫౌండేషన్ 2020లో ప్రకటించిన పది నగరాల అధ్యయనంలో దాదాపు సగంమంది డ్రైవర్లు అలసటతోనో నిద్రమత్తుతోనో ఉన్నప్పుడు కూడా నడుపుతున్నట్టు ఒప్పుకున్నారు.

క్లీనరు

లారీ క్యాబిన్ ఇద్దరి చోటు. రెండో మనిషి క్లీనరు. ఎడమవైపు చూసి సైగ చేయడం, ఇరుకులో అరచేత్తో బాడీని తట్టి బండి ఆపించడం, ఎత్తులో నిలిపినప్పుడు చక్రం కింద చెక్క దిమ్మ పెట్టడం, ఇనుప రాడ్డుతో టైర్లు కొట్టి గాలి చూడడం, పట్టా కట్టడం, వంట చేయడం అతని పనులు. జీతం తక్కువ, మాట పడడం ఎక్కువ. డ్రైవింగు నేర్పే బడి కూడా అదే. అద్దాలు పెరిగి, పవర్ స్టీరింగు వచ్చి, యజమానులు ఖర్చు తగ్గించుకునే కొద్దీ క్లీనరు లేని లారీలు ఎక్కువయ్యాయి. దాంతో అతని పనులన్నీ డ్రైవరు మీద పడ్డాయి. కొత్త డ్రైవర్లు తయారయ్యే దారి కూడా మూసుకుపోయింది. డ్రైవర్ల కొరత గురించి రవాణా రంగంలో వినిపించే ఫిర్యాదులో ఈ రెండో సంగతి అరుదుగా ప్రస్తావనకు వస్తుంది.

చట్టం

మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లో వచ్చింది. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు పని. దూర ప్రయాణాల్లో 10 గంటలు, 54 గంటల దాకా పెంచే వీలుండేది. ఐదు గంటల పని తర్వాత కనీసం అరగంట విరామం. రాత్రి ఆగాల్సిన చోట విశ్రాంతి గదులు. కాగితం మీద ఇది మంచి చట్టం. అయితే ఐదుగురు లేదా అంతకంటే ఎక్కువమంది కార్మికులున్న సంస్థలకే ఇది వర్తించేది. దేశంలో లారీల్లో అధికభాగం ఒకటి రెండు బండ్లున్న చిన్న యజమానులవి. 1988 మోటారు వాహనాల చట్టం 91వ సెక్షను పనిగంటల పరిమితిని రవాణా వాహనం నడిపేవారందరికీ విస్తరించినా, విశ్రాంతి గది చిన్న యజమాని దగ్గరికి రాలేదు. 2020లో తెచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో 1961 చట్టాన్ని కలిపారు.

క్యాబిన్ లోపలి అమరికను నేరుగా తాకిన నియమం ఒకటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో ఉండేది. జాతీయ పర్మిట్ ఉన్న లారీలో కనీసం ఇద్దరు డ్రైవర్లుండాలి, డ్రైవరు సీటు వెనక బండి వెడల్పంతా రెండో డ్రైవరు కాళ్లు చాపి పడుకునే బల్ల ఉండాలి అన్నది 90వ నిబంధన. బాడీ షెడ్లలో పడక అనే వస్తువు మాయం కాకుండా నిలిచిందంటే ఈ నియమానికి అందులో భాగముంది. ఇద్దరు డ్రైవర్ల షరతును ఎక్కువగా కాగితం మీదే పాటించేవారు: పర్మిట్‌లో రెండో పేరు, సీట్లో ఒకడే మనిషి. 2018 నవంబరు సవరణలో ఆ షరతును తొలగించారు. రవాణా సంఘాలు కోరింది కూడా అదే.

ఆర్టీసీ డ్రైవరుతో పోలిక

ఇదే కుటుంబపు ఛాసిస్‌ల మీద, అశోక్ లేలాండ్ వైకింగ్ ఛాసిస్‌ల మీద ఆర్టీసీ తన బస్సులు నడిపింది. మియాపూర్‌లో సొంత బాడీ నిర్మాణ కేంద్రం పెట్టుకుంది. అంతకుముందు నుంచీ సనత్‌నగర్‌లోని హైదరాబాద్ ఆల్విన్ సంస్థ బస్సు బాడీలకు పేరుపడింది. సీటు విషయంలో ఆర్టీసీ డ్రైవరు పెద్దగా బాగుపడిందేమీ లేదు. ఇంజను మూత అతని ఎడమ పక్కనే, స్టీరింగు అంతే బరువు. తేడా అంతా బండి దిగాక మొదలవుతుంది. డ్యూటీ చార్టు, డిపోలో విశ్రాంతి గది, వారపు సెలవు, తార్నాక ఆసుపత్రి, నెల జీతం. ఒకే రకం ఛాసిస్ తోలిన ఇద్దరిలో ఒకరి పనికి ముగింపు వేళ ఉండేది. సౌకర్యాన్ని సీటు మెత్తదనంతో మాత్రమే కొలిస్తే ఈ తేడా కనపడదు. అలాగని ఆర్టీసీ డ్రైవర్ల పనిభారం ఎప్పుడూ తేలిక కాదు.

ఫ్యాక్టరీ క్యాబిన్ రాక

1980లలో జపాన్ సంస్థల భాగస్వామ్యంతో చిన్న లారీలు వచ్చాయి. తెలుగునేలకు సంబంధించినది ఆల్విన్–నిస్సాన్: హైదరాబాద్ ఆల్విన్ సంస్థ జహీరాబాదులో తయారుచేసిన బండి. తర్వాత ఆ విభాగం మహీంద్రా చేతికి వెళ్లింది. డీసీఎం–టయోటా, స్వరాజ్–మజ్దా, ఐషర్–మిత్సుబిషి మిగతా మూడు. వీటితో పూర్తి ఉక్కు క్యాబిన్, వంపు అద్దం, కారును పోలిన సీటు డ్రైవరుకు మొదటిసారి పరిచయమయ్యాయి. డీసీఎం–టయోటా పేరు పోయి దశాబ్దాలైనా, తెలంగాణలో ఏ మధ్యరకం లారీనైనా ‘డీసీఎం’ అనే అంటారు. వార్తాపత్రికలు కూడా అలాగే రాస్తాయి. టాటా 1986లో 407తో ఈ తరగతిలోకి దిగింది.

భారీ లారీల్లో మార్పు ఆలస్యంగా వచ్చింది. 1998లో వోల్వో బెంగళూరు దగ్గరి హోస్కోటెలో ఎఫ్‌హెచ్12 లారీల తయారీ మొదలుపెట్టింది. గాలి సస్పెన్షన్ సీటు, మంచి పడక, చప్పుడు తక్కువ క్యాబిన్ ఉన్న ఆ బండి గనుల్లో, భారీ సరకుల రవాణాలో కుదురుకుంది. ధర వల్ల మామూలు కిరాయి బజారులోకి రాలేదు. టాటా 2004లో దక్షిణ కొరియాలోని దేవూ వాణిజ్య వాహనాల సంస్థను కొని, 2009లో ప్రైమా శ్రేణిని చూపింది. 2012లో చెన్నై దగ్గరి ఒరగడంలో తయారైన భారత్‌బెంజ్ లారీలతో, 1969లో వెళ్లిపోయిన డైమ్లర్ మళ్లీ ఈ బజారుకు వచ్చింది. ఈసారి పూర్తి క్యాబిన్‌తో. స్వర్ణ చతుర్భుజి రహదారులు వచ్చాక బండి రోజుకు తిరిగే దూరం పెరిగింది. డ్రైవరు అలసట వల్ల యజమానికి కలిగే నష్టం లెక్కకు అందడం మొదలైంది. సీటు గురించి కంపెనీలు ప్రకటనల్లో మాట్లాడడం ఆ తర్వాతి సంగతి.

సినిమా

1990లో బి. గోపాల్ దర్శకత్వంలో బాలకృష్ణ నటించిన ‘లారీ డ్రైవర్’, 2014లో విజయవాడ నేపథ్యంగా దేవ కట్టా తీసిన ‘ఆటోనగర్ సూర్య’ ఈ రంగం చుట్టూ అల్లిన చిత్రాల్లో తెలిసినవి. రెండింటిలోనూ కథ లారీ అడ్డాల పెత్తనం గురించి. క్యాబిన్‌లో గడిచే రోజులు తెలుగు తెరమీదికి పెద్దగా రాలేదు.

ప్రస్తుత స్థితి

కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2023 డిసెంబరులో ఇచ్చిన ప్రకటన ప్రకారం, 2025 అక్టోబరు 1 తర్వాత తయారయ్యే ఎన్2, ఎన్3 తరగతుల లారీల క్యాబిన్‌కు ఏసీ తప్పనిసరి. ఎన్2 అంటే 3.5 టన్నులు దాటి 12 టన్నుల వరకు, ఎన్3 అంటే 12 టన్నులు దాటినవి. ఏసీ వల్ల ధరా, డీజిలు ఖర్చూ కొంత పెరుగుతాయి. ఆ ఖర్చు ఎవరు భరించాలన్నది కిరాయి బేరంలో తేలే విషయం. చల్లదనం బయటికి పోకుండా ఉండాలంటే తలుపులు, కిటికీలు సందులేకుండా బిగియాలి. కర్ర చట్రం మీద రేకు కొట్టే పద్ధతికి అది కష్టం కాబట్టి, షెడ్డు క్యాబిన్ల మీద ఈ నియమం ప్రభావం బాడీ నియమావళి ప్రభావం కంటే ఎక్కువగా ఉండవచ్చు. ఆటోనగర్ షెడ్లకు తొట్టి పని, మరమ్మతు పని మిగులుతాయి.

నియమం పాత బండ్లకు వర్తించదు. 1210, 1613 తరం లారీలు దూర రహదారుల నుంచి తప్పుకుని ఇటుక, ఇసుక, కంకర, నీళ్ల ట్యాంకరు పనుల్లో తిరుగుతున్నాయి. ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనం ఏటా ఫిట్‌నెస్ పరీక్షకు వెళ్లాలి. అక్కడ ప్రధానంగా చూసేది బ్రేకులు, దీపాలు, స్టీరింగు, పొగ. అవి బాగుంటే బండి ఇంకో ఏడాది నడుస్తుంది, సీటు ఏ స్థితిలో ఉన్నా.